ఏమీ వద్దనేవాళ్ళ తలుపు ఎవరు తట్టాలి?

ప్రశ్న: కోవిడ్ రోజుల్లో మా వీధివాళ్ళం ఒకరికొకరం సాయం చేసుకోవడానికి ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. 60 ఇళ్ళ దాకా ఉంటాయి. ఉత్సాహానికి లోటు లేదు. కానీ ఒకే ముసలి దంపతులకు ఒకే రోజు ముగ్గురు వెళ్ళి అవే మందులు తెచ్చిపెట్టారు. చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ మాత్రం జ్వరంతో నాలుగు రోజులు మంచం మీదే ఉన్నా ఎవరికీ తెలియలేదు. అంతకుముందు ఎప్పుడు అడిగినా "నాకేం వద్దమ్మా, బాగానే ఉన్నాను" అనేవారు. అదృష్టం బాగుండి కోలుకున్నారు. దీనికి తోడు, జబ్బు వచ్చిన ఇళ్ళ వివరాలు గ్రూపులో పెట్టాలని కొందరు, వద్దని కొందరు గొడవపడ్డారు. ఆ తర్వాత గ్రూపులో ఎవరూ మాట్లాడటమే మానేశారు. మళ్ళీ అలాంటి రోజులు వస్తే ఈసారి పద్ధతిగా చేయాలని కొంతమందిమి అనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ వీధికి వచ్చిన ఇబ్బంది దేశాలకూ వచ్చింది. 2020 మార్చిలో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ 2,50,000 మంది వాలంటీర్లు కావాలని అడిగితే, కొద్ది రోజుల్లోనే 7,50,000 మందికి పైగా పేర్లు ఇచ్చారు. తీరా చూస్తే మొదటి వారాల్లో వాళ్ళలో చాలామందికి పనే రాలేదు. సాయం కావలసినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ అవసరం ఈ వాలంటీర్ల దాకా చేరే దారి ఇంకా సరిగ్గా పడలేదు. మీ దగ్గర జరిగిందీ అదే. మందులు తెచ్చేవాళ్ళు ముగ్గురున్నారు, పెద్దావిడ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. కాబట్టి ఈసారి వాలంటీర్ల కోసం వెతకడంతో మొదలుపెట్టకండి. ఏ ఇంటి బాగోగులు ఎవరు కనుక్కుంటారో ముందు తేల్చుకోండి.

60 ఇళ్ళను ఒక్క గ్రూపుతో నడపడం కుదరని పని. అంతమంది ఉన్నచోట ఒక కబురు పడితే, "ఎవరో ఒకరు చూసే ఉంటారులే" అని అందరూ అనుకుంటారు. లేదంటే అందరూ ఒకేసారి పరిగెడతారు. మీకు రెండూ అనుభవమే. పదేసి, పన్నెండేసి ఇళ్ళ చొప్పున విడగొట్టుకోండి. ఒక్కో గుంపుకు ఇద్దరిని పెట్టండి. ఇద్దరని ఎందుకంటున్నానంటే, అంటువ్యాధి రోజుల్లో సాయం చేసే మనిషే ముందు పడకెక్కవచ్చు. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకుండా చూసుకోండి. భార్యాభర్తలకు అప్పగిస్తే ఇంట్లోకి జబ్బు వచ్చిన రోజున ఇద్దరూ ఒకేసారి మూలపడతారు, పది ఇళ్ళకు దిక్కుండదు.

పెద్ద గ్రూపును మూసేయనక్కర్లేదు. దాన్ని ప్రకటనలకు మాత్రమే ఉంచి, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగ్ మార్చేయండి. పొద్దున్నే వచ్చే దండాల బొమ్మలు, ఎవరో ఎక్కడో పంపిన కషాయాల ఫార్వర్డులు వాటంతటవే ఆగిపోతాయి. నన్నడిగితే ఈ ఒక్క మార్పుకే సగం తలనొప్పి పోతుంది.

ఇక లిస్టు. సాయం ఎవరికి అవసరం అనగానే మనకు ముసలివాళ్ళే గుర్తొస్తారు. కోవిడ్‌లో అది చాలావరకు నిజం కూడా. కానీ ప్రతి మహమ్మారీ ఒకేలా ఉండదు. 1918 ఇన్‌ఫ్లూయెంజాలో 20 నుంచి 40 ఏళ్ళ మధ్య ఉన్న, అప్పటిదాకా ఆరోగ్యంగా తిరిగినవాళ్ళు అసాధారణంగా ఎక్కువ మంది పోయారు. గర్భిణులకు మరీ గండం అయింది. రేపు వచ్చేది ఎవరిని పట్టుకుంటుందో ముందుగా చెప్పలేం. అందుకే వయసును బట్టి లిస్టు రాసి బీరువాలో పెట్టుకుంటే చాలదు. ప్రతి ఇంటినీ ఒకే ప్రశ్న అడగండి: "రెండు వారాలు మీరు గడప దాటలేకపోతే, మీ ఇంటికి ఎవరూ రాలేకపోతే, ముందుగా ఏది ఆగిపోతుంది?"

ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తాయి. ఒకరికి వారానికి మూడుసార్లు డయాలసిస్ ఉంటుంది, తీసుకెళ్ళే మనిషి వేరే చోటి నుంచి రావాలి. ఒకరింట్లో ఆక్సిజన్ మెషిన్ ఉంటుంది, కరెంటు పోతే గంటల లెక్క. మంచం పట్టిన తల్లిని పొద్దుటిపూట చూసుకునే ఆయా రాకపోతే కూతురు ఉద్యోగం మానుకోవాలి. ఇంకో ఇంట్లో పిల్లలతో ఒక్కతే తల్లి ఉంటుంది. ఆమె ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఆ రాత్రి పిల్లలు ఎవరి దగ్గర పడుకోవాలి? ఈ చివరి ప్రశ్నను చాలామంది అడగడానికి సంకోచిస్తారు, అశుభం మాట్లాడినట్టు ఉంటుందని. అడగండి. అంబులెన్స్ గుమ్మం ముందు ఆగాక ఆలోచించే విషయం కాదది.

లిస్టు రాసేటప్పుడు కంటికి కనపడనివాళ్ళను వెతకాలి. వెనక గదుల్లో, మేడ మీద గదిలో అద్దెకు ఉండేవాళ్ళు, కాపలాదారు కుటుంబం, ఈమధ్యనే వచ్చిన వేరే భాషవాళ్ళు. వీళ్ళు సాధారణంగా ఏ గ్రూపులోనూ ఉండరు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళ సంగతీ అంతే. చెవులు వినపడనివాళ్ళకు ఫోన్ చేసి లాభం లేదు. ఎదురుగా నిలబడి మాట్లాడినా మాస్క్ వల్ల పెదవుల కదలిక కనపడదు. వాళ్ళకు మెసేజ్ పెట్టండి, లేదా కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇప్పుడు మీ పెద్దావిడ విషయానికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఆవిడే.

"నాకేం వద్దమ్మా" అనే మాటను నిజంగా ఏమీ వద్దని తీసుకోకూడదు. ఒంటరిగా నెట్టుకొస్తున్నవాళ్ళకు తమ పని తాము చేసుకోగలుగుతున్నామన్న పట్టుదల ఉంటుంది. ఒకసారి సాయం పుచ్చుకుంటే తర్వాత చేతకానివాళ్ళ కింద జమకడతారని భయం ఉంటుంది. మొహమాటం ఎలాగూ ఉంటుంది. పైగా మనం అడిగే తీరు కూడా అలాగే ఏడుస్తుంది. "ఏమైనా కావాలా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే "వద్దు" అనడం ఎంత సులభం! అడిగినవాళ్ళకూ పని తప్పినట్టే, చెప్పినవాళ్ళకూ మర్యాద దక్కినట్టే.

అడిగే తీరు మార్చండి. "రేపు పొద్దున నేను మందుల షాపుకు వెళ్తున్నాను పిన్నిగారూ, మీ బీపీ మాత్రలు ఇంకా ఎన్ని రోజులకు ఉన్నాయి?" అని అడిగితే దానికి "వద్దు" అన్నది జవాబే కాదు. ఒక అంకె చెప్పాలి. చీటీ వెతకడానికి లోపలికి వెళ్ళి వచ్చేలోపు ఆవిడ నడక ఎలా ఉందో, మాట్లాడుతుంటే ఆయాసం వస్తోందో లేదో మీకు తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఆవిడకు మీరు సాయం చేయడమే కాదు, ఆవిడ నుంచి సాయం అడగండి కూడా. రోజూ ఉదయం తొమ్మిదింటికి తనలాగే ఒంటరిగా ఉండే ఇంకో ఇద్దరికి ఫోన్ చేసి పలకరించే పని ఆవిడకు అప్పగించండి. అయ్యాక "ఇద్దరూ బాగున్నారు" అని మీకు ఒక్క మాట చెప్పమనండి. ఇంట్లోంచి కదలకుండా చేయగల పని, అవసరమైన పని. తొమ్మిదిన్నర దాటినా ఆవిడ నుంచి ఫోన్ రాలేదంటే, చూడాల్సింది ఆవిడనేనని మీకు అర్థమవుతుంది. "మీరెలా ఉన్నారు" అని ఎవరూ ప్రత్యేకంగా అడగకుండానే ఆవిడ బాగోగులు తెలుస్తాయి. పుచ్చుకునేవాళ్ళుగా ఉండటానికి ఒప్పుకోని మనుషులు ఇచ్చేవాళ్ళుగా ఉండటానికి ఇట్టే ఒప్పుకుంటారు.

ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలో కూడా ముందే వాళ్ళతోనే మాట్లాడి నిర్ణయించుకోండి. అరగంట ఆగి మళ్ళీ చేస్తాం, అప్పటికీ ఎత్తకపోతే పక్కింటివాళ్ళు తలుపు తడతారు, పలకకపోతే తాళం తీస్తాం. తాళంచెవి రెండోది ఎవరి దగ్గర ఉంటుంది? ఊళ్ళో లేని కొడుకు నంబరు ఎవరి దగ్గర ఉంది? ఇవి రాసిపెట్టి ఉంటే, "స్నానానికి వెళ్ళారేమో, నిద్రపోతున్నారేమో" అనుకుంటూ ఒక పూట గడిచిపోదు. 1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరంలో వడగాడ్పులకు కొద్ది రోజుల్లోనే 700 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఒంటరిగా ఉండే వృద్ధులు, కొందరైతే పోయిన సంగతి కూడా రోజుల తరబడి ఎవరికీ తెలియలేదు. అది అంటువ్యాధి కాదు నిజమే. కానీ తలుపులు మూసుకుని బతకాల్సి వచ్చిన ప్రతి విపత్తులోనూ ఒంటరివాళ్ళకు ముప్పు ఎక్కువే.

రోజువారీ ఫోన్‌లో ఏం మాట్లాడాలి? దగ్గు, జ్వరం ఉన్నాయా అని అడిగి ఊరుకుంటే సరిపోదు. పెద్దవయసువాళ్ళకు ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఒక్కోసారి జ్వరమే రాదు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, తూలి పడిపోవడం, తిండి మానేయడం, రోజంతా మగతగా ఉండటం, ఇవే మొదటి గుర్తులు కావచ్చు. రోజూ ఒకే మనిషి మాట్లాడాలని పట్టుబట్టేది ఇందుకే. నిన్నటి మాటకూ ఈరోజు మాటకూ తేడా రోజూ వినేవాళ్ళకే తెలుస్తుంది. కోవిడ్‌లో లక్షణాలు మొదలైన వారానికి, కాస్త అటూ ఇటూగా, కొందరి పరిస్థితి హఠాత్తుగా తిరగబడేది. మొదటి మూడు రోజులు హడావిడిగా పలకరించి, "ఇక తగ్గిపోయింది" అనుకుని వదిలేసిన సమయంలోనే అసలు ప్రమాదం వచ్చేది.

ఊపిరితిత్తుల జబ్బయితే గుంపుకు ఒక ఆక్సీమీటర్ (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే చిన్న పరికరం) ఉంచుకోవడం మంచిది. రీడింగ్ 94 కన్నా తగ్గితే డాక్టర్‌తో మాట్లాడాలి, 90 కన్నా తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎప్పటి నుంచో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకు మామూలుగానే తక్కువ ఉండవచ్చు, వాళ్ళకు ఎంత ఉంటే కంగారు పడాలో డాక్టర్‌ని ముందే అడిగి రాసుకోండి. వేళ్ళు చల్లగా ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా అంకె తప్పు చూపవచ్చు. చర్మం నల్లగా ఉన్నవారిలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020 చివర్లో వచ్చిన పరిశోధనలో తేలింది. కాబట్టి అంకె బాగుంది గదా అని, ఎదురుగా ఆయాసపడుతున్న మనిషిని ఇంట్లో ఉంచేయకండి. వైద్యం మీ పని కాదు. ఎప్పుడు వైద్యుడి దగ్గరకు చేర్చాలో గుర్తుపట్టడం వరకే మీ పని.

మందుల విషయంలో ఒక నియమం పెట్టుకుంటే చాలు: పది రోజులకు సరిపడా ఉన్నప్పుడే తర్వాతి చీటీ కదలాలి. అయిపోయాక వెతకడం మొదలుపెడితే ఆ రోజుల్లో దొరకవు. ఇన్సులిన్ తెచ్చేవాళ్ళకు దాని జాగ్రత్త తెలియాలి. విప్పనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్‌లో ఉండాలి. గడ్డకట్టినది మళ్ళీ కరిగినా వాడకూడదు. వాడకం మొదలుపెట్టినవి చాలా రకాలు మామూలు వేడిలో సుమారు 28 రోజులు పనికొస్తాయి. ఎండలో బండి డిక్కీలో పెట్టి ఊరంతా తిరిగి చివర్లో ఇస్తే మందు ఇచ్చిన ఫలితం ఉండదు.

సాయం చేసేవాళ్ళు జబ్బును ఇంటింటికీ మోసుకెళ్ళకుండా ఉండటం ముఖ్యం. కోవిడ్ ఉన్నవాళ్ళు లక్షణాలు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటించగలిగేవారు. అందుకే "నాకేం లేదు కదా" అన్నది లెక్కలోకి రాదు. 2020లో జనం సంచులు, డబ్బాలు అన్నీ కడిగి ఎండబెట్టారు. ఆ తర్వాత తెలిసింది, ఆ వైరస్ ఎక్కువగా వ్యాపించింది గాలి ద్వారానని. తర్వాతి జబ్బు ఏ దారిన వస్తుందో ఆరోగ్యశాఖ చెప్పేదాకా రెండూ పాటించండి. తేగానే గుమ్మం బయట పెట్టి, వెనక్కి జరిగి, ఆరుబయటే మాట్లాడండి. మాస్క్ వేసుకోండి. చేతులు 20 సెకన్లు సబ్బుతో కడుక్కోండి. లోపలికి వెళ్ళక తప్పనప్పుడు కిటికీలు తెరిపించండి. సంకోచం లేకుండా చెప్తున్నాను, ఇంట్లో చంటిపిల్లలో కీమోథెరపీ తీసుకుంటున్న మనిషో ఉన్నవాళ్ళను బయటి తిరుగుడు పనుల్లో పెట్టకండి. ఫోన్ పనులు, లెక్కలు రాసే పనులు ఎన్నో ఉంటాయి.

డబ్బు దగ్గర మొహమాటపడితే స్నేహాలు చెడతాయి. ముందు కొని తర్వాత బిల్లు ఇవ్వడం, బిల్లు ఫోటో ఇద్దరి ఫోన్లలో ఉండటం, ఆ రోజుకారోజే లెక్క తేల్చుకోవడం. అంతే. ఎవరి కార్డు, పిన్, ఓటీపీ తీసుకోకూడదు, వాళ్ళంతట వాళ్ళు ఇచ్చినా సరే. ఇలాంటి రోజుల్లో వాలంటీర్లమని చెప్పుకుని తిరిగే మోసగాళ్ళు కూడా ఉంటారు. మీవాళ్ళెవరూ ఎప్పుడూ పిన్ అడగరని ప్రతి పెద్దమనిషికీ ముందే చెప్పి ఉంచితే, అడిగినవాడు దొంగని వాళ్ళే గుర్తుపడతారు. డబ్బు లేక ఇబ్బందిపడే ఇళ్ళకు చందా పోగుచేస్తే, ఎవరికి ఇచ్చారన్నది ఇచ్చినవాళ్ళకు కూడా చెప్పకండి. సాయం ఫోటోలు అసలే వద్దు.

ఒక సున్నితమైన విషయం. ఇంట్లో కొట్టే మనిషితో కలిసి తలుపులేసుకుని ఉండాల్సి వచ్చిన ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు ప్రతి వీధిలోనూ ఉండవచ్చు. అనుమానం ఉంటే ఫోన్‌లో "ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా?" అని అవును కాదు అని జవాబివ్వగలిగే ప్రశ్నలే అడగండి. మీరే వెళ్ళి ఆ మనిషిని నిలదీయడం మాత్రం చేయకండి, దెబ్బలు తర్వాత వాళ్ళకు పడతాయి. ఇలాంటి వాటికి ఉన్న సహాయ నంబర్లు దగ్గర పెట్టుకోండి, వాళ్ళు ఒప్పుకున్నప్పుడు కలపండి.

సాయం చేసేవాళ్ళు అలసిపోవడం గురించి కూడా ముందే ఆలోచించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అన్నది 2020 మార్చి 11న, అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది 2023 మే 5న. మొదటి వారం ఊపులో ఒప్పుకున్న పనిని మూడేళ్ళు ఎవరూ చేయలేరు. రెండు వారాలు పని, రెండు వారాలు విరామం అని ముందే పెట్టుకుంటే, తప్పుకునేవాళ్ళు తప్పు చేసినట్టు ఫీల్ అవ్వరు. పని అప్పగించేటప్పుడు ఇల్లిల్లూ ఫోన్‌లో పరిచయం చేసి మరీ అప్పగించాలి, లేకపోతే మీ పెద్దావిడ లాంటివాళ్ళు కొత్త గొంతుకు మళ్ళీ "నాకేం వద్దు" దగ్గరే ఆగిపోతారు.

చివరిగా ఆ గొడవ. జబ్బు వచ్చిన ఇంటి పేరు గ్రూపులో పెట్టాలా? పెట్టకూడదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. పెట్టాలనేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళది భయం, ఆ భయానికి కారణం ఉంది. కానీ పేరు బయటపడుతుందని తెలిసిన రోజున తర్వాతి ఇంటివాళ్ళు టెస్టుకే వెళ్ళరు. జ్వరం మాత్ర వేసుకుని మామూలుగా తిరుగుతారు. అప్పుడు ఎవరికి జబ్బుందో గ్రూపుకే కాదు, డాక్టర్‌కు కూడా తెలియదు. దాచుకున్న జబ్బు వల్ల వీధికి వచ్చే ముప్పు ఎక్కువ. ఒంటరిగా ఉండేవాళ్ళ లిస్టు గ్రూపులో తిరిగినా అంతే, అది దొంగల చేతికి చిరునామాలు ఇచ్చినట్టే.

జబ్బు సంగతి ఆ గుంపులోని ఇద్దరికే తెలిస్తే చాలు. వాళ్ళు ఆ ఇంటివాళ్ళనే అడగాలి, "ఈమధ్య దగ్గరగా మెలిగినవాళ్ళు ఎవరు? వాళ్ళకు మీరు చెప్తారా, మీ పేరు చెప్పకుండా మమ్మల్ని చెప్పమంటారా?" అని. చెప్పాల్సినవాళ్ళకు అలా చేరుతుంది. ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన ఉంటే అది వేరే సంగతి, దాన్ని పాటించాల్సిందే. వివరాలున్న కాగితాన్ని మహమ్మారి తగ్గగానే చింపేయండి, ఫోన్లలో ఉంటే తీసేయండి. అలా చేస్తామని పేర్లు రాసుకునే రోజునే చెప్పండి.

పేర్లు పెట్టాలని పట్టుబట్టిన మనిషిని ఈసారి బయట ఉంచకండి. అంత భయపడే మనిషి జాగ్రత్తగా ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరిగా వేయండి. పది ఇళ్ళ గుట్టు తన చేతిలో పెడుతున్నారని, అది ఎక్కడా బయటపడకూడదని చెప్పి మరీ అప్పగించండి. ఒప్పుకోకపోతే పోనీ, మందుల లెక్క చూడమనండి.